‘లేనంత’ పాఠం

టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని లాండ్రీలో అందరికీ తెలుసు. ఆవిడకు ‘చిటపట’ అని పేరు పెట్టింది ఎవరో గానీ, మనిషిని బాగానే చదివారు. సుద్దముక్క విరిగితే చిటపట. బల్ల కిర్రుమంటే చిటపట. చెప్పిన మాటే మళ్ళీ తప్పు పలికితే ఇక చెప్పనే అక్కర్లేదు. అయినా ఆవిడ క్లాసు ఎవరూ ఎగ్గొట్టరు. అర్థమయ్యేదాకా తిడుతుంది, అర్థమయ్యాక మళ్ళీ ఆ ఊసెత్తదు. అలాంటి కోపం ఉండటం మంచిదే. కాకపోతే ఆ కోపం ఒక్కసారి, అదీ సరిగ్గా పనికి రావలసిన చోట, నోరు మూసుకుని కూర్చుంది. ఒళ్ళు మండేది అక్కడే.

పెద్ద హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, తలగడ గలీబులు ఆ లాండ్రీకే వస్తాయి. ఉతికే గది ఒకటి, దాని పక్కన రోలర్ల హాలు. రోలరంటే మనిషి నడుమంత లావున్న ఇనుప గొట్టం, లోపల ఆవిరి, దాని మీద తిరుగుతూ పోయే పట్టీ. తడిదుప్పటి ఇటు పోతే అటు పెళపెళలాడుతూ వస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో మూల పట్టుకుని ముడత లేకుండా లోపలికి అందించాలి. ఆ ఇద్దర్నీ ‘జత’ అంటారు. జతలో ఒకరు పడిపోతే రెండో మనిషికి రోలర్ దగ్గర చోటు లేదు, మడతల బల్లకు పోవలసిందే. అక్కడ జీతమూ తక్కువ, మర్యాదా తక్కువ. ‘నా వల్ల కాదు’ అన్న మనిషిని కూడా మేనేజరు అక్కడికే పంపుతాడు. అందుకని ఆ హాల్లో ఆ మాట ఎవరి నోటా రాదు.

హోటళ్ళవాళ్ళు ఆ ఏడు కొత్త షరతు పెట్టారు. వాళ్ళ తరఫున ఒక ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది, పని చూస్తుంది, పనివాళ్ళతో నేరుగా ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మధ్యలో మేనేజరు దూరకూడదు. సరే, వీళ్ళకు నాలుగు ముక్కలు నేర్పడానికి ఎవరున్నారంటే, రోలర్ దగ్గర పనిచేసే పెద్దావిడ ముందుకొచ్చింది. “మా చెల్లెలుంది. చదువుకుంది. నోరు కాస్త పెద్దది, అంతే” అంది. ఆ చెల్లెలే చిటపట. అక్క పాతికేళ్ళుగా రోలర్ దగ్గర కష్టపడ్డ చేతులతో చదివించిన చెల్లెలు.

క్లాసు భోజనాల గదిలో, పని దిగాక. ఆ రోజు చిటపట బోర్డు మీద ఒక వాక్యం రాసి, చదివి వినిపించింది. “ద బ్యాగ్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్.”

“అంటే సంచి చాలా బరువనా?” అంది ముందు బల్ల మీదావిడ.

“చాలా బరువైతే ఎత్తొచ్చు, మూలుగుతూ అయినా ఎత్తొచ్చు. ఇది అది కాదు. చూడండి, ఇందులో ఎక్కడైనా ‘నాట్’ ఉందా? లేదు. ‘కాదు’ అనే మాటే లేదు. అయినా అర్థం మాత్రం ఎత్తలేమనే. ముందు ‘టూ’ వస్తుంది, మధ్యలో బరువో వేడో వస్తుంది, వెనకాల ‘టు’ పెట్టుకుని పని వస్తుంది. ఆ పని జరగదు. మనం ఏమంటాం? ఎత్తలేనంత బరువు అంటాం. ఆ ‘లేనంత’ ఉంది చూశారూ, అదే ఇది.”

అందరూ తలూపారు. తలూపితే వదిలే మనిషా! “తలలు కాదు, నోళ్ళు కావాలి. మీ పనిలోంచే చెప్పండి. తెలుగులో ‘లేనంత’ పెట్టి ఒక మాట అనండి, నేను ఇంగ్లీషు చేస్తాను.”

ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. అలవాటు లేని మాట మరి. చివరికి గోడ పక్కనున్న పొడుగమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడ నిన్నమొన్నటి వరకూ అక్కకు జత. ఇప్పుడు మడతల బల్ల దగ్గర ఎడమచేత్తో తువ్వాళ్ళు మడుస్తోంది. కుడిచేతి వేళ్ళు కాలి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

“పట్టుకోలేనంత వేడి అంటే ఏమంటారు టీచరమ్మా?”

“టూ హాట్ టు హోల్డ్.”

“ఆపలేనంత వేగం?”

“టూ ఫాస్ట్ టు స్టాప్.”

ఇక గట్టు తెగింది. ఒకావిడ నిలబడలేనంత నీరసం అంది. ఇంకొకావిడ పక్కమనిషి మొహం కనిపించనంత ఆవిరి అంది. వెనకనుంచి ఎవరో మేనేజరు భరించలేనంత మంచివాడు అంటే అందరూ గొల్లుమన్నారు. చిటపట రాస్తూనే ఉంది. అప్పుడు పొడుగమ్మే మళ్ళీ అంది. “కదపలేనంత గట్టిగా కట్టిన కడ్డీ.”

చిటపట చెయ్యి ఆగింది. “కడ్డీ ఏమిటి?”

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి పొడుగమ్మే చెప్పింది. రోలర్ ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున లోపలికి పోబోతే ముందు దానికి తగులుతుంది. తగిలితే యంత్రం ఠక్కున ఆగిపోవాలి. కానీ దుప్పటి అంచు తగిలినా ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ పని వెనకబడుతుంది. వెనకబడితే మేనేజరు జత మొత్తాన్నీ పట్టుకుని దులిపేస్తాడు. అందుకని చిరిగిన దుప్పటి పేలికలతో ఆ కడ్డీని కదలకుండా కట్టేస్తారు. పొద్దున పనిలోకి రాగానే మొదటి పని అదే. కొత్తగా వచ్చినవాళ్ళకు దుప్పటి పట్టుకోవడం కన్నా ముందు ఆ ముడి వెయ్యడం నేర్పుతారు.

“మరి నీ చెయ్యి పోయినప్పుడు?”

“కట్టే ఉంది” అంది పొడుగమ్మ. “నేనే కట్టాను.”

చిటపటకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అరవాలో తెలియక వెనక బల్ల వైపు చూసింది. అక్క చేతులు కట్టుకుని కూర్చుంది.

“నువ్వొక మాట చెప్పు అక్కా.”

“నాకొద్దు. చేతకాదని చెప్పడానికి ఇంగ్లీషు కూడా నేర్చుకోవాలా? ఇన్నేళ్ళలో నేను ఎత్తలేనిది లేదు, పట్టలేనిది లేదు. ఇంకేదైనా మంచి పాఠం చెప్పు.”

అప్పటికే మేనేజరు గుమ్మంలో నిలబడి బోర్డు మొత్తం చదివేశాడు.

*

మేనేజరు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అరిచేవాణ్ణి అరిచి గెలవచ్చు. ఈయన తన గదికి పిలిపించి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, అద్దాలు తుడుచుకున్నాడు.

“పాఠం బాగుంది టీచర్ గారూ. మీరు చెప్పే తీరు నాకు నచ్చింది. కానీ వచ్చేది అతిథి. అతిథి ముందు లేనివన్నీ ఏకరువు పెట్టడం దేనికి చెప్పండి? ‘ఎనఫ్’ అని ఇంకో మాట ఉంది కదా. అది నేర్పండి. గది పని చేసుకోవడానికి సరిపోయేంత చల్లగా ఉంది, మెషీన్ సరిపోయేంత భద్రంగా ఉంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుంది!”

“గది చల్లగా లేదండీ.”

“ఆ రోజుకు ఉంటుంది.”

“కడ్డీలు కట్టేస్తున్నారు. ఆ మనిషి వేళ్ళు చూశారా మీరు?”

“కట్టమని నేను చెప్పానా? అడగండి. వాళ్ళే కట్టుకుంటున్నారు.”

“ఆగితే దులిపేసేది ఎవరు?”

మేనేజరు నవ్వాడు. కాగితాల మీద బరువు సర్దినంత నెమ్మదిగా అసలు మాట బయటపెట్టాడు. “మీ అక్కగారికి ఇప్పుడు జత లేదు. నిజానికి ఈపాటికి మడతల బల్లకు పంపాలి. పాత మనిషి కదా అని ఆగాను. వాళ్ళమ్మాయిని జతగా పెట్టమని అడిగారు. పిల్ల చురుగ్గానే ఉంది. ఇన్‌స్పెక్షన్ అయిన మర్నాటి నుంచి రమ్మందామని ఉంది. అన్నీ సవ్యంగా జరిగితేనే అనుకోండి.”

“ఎవర్ని? చంటినా?”

“మీకు చెప్పలేదా?” అన్నాడు పాపం, ఎంతో ఆశ్చర్యపోయినట్టు.

చిటపట ఆ మంచినీళ్ళ గ్లాసు ఆయన మొహాన కొట్టి ఉంటే నాకైతే సంతోషంగా ఉండేది. కొట్టలేదు. లేచి, తలుపు దడాలున వేసి, ఇంటికి నడిచింది. ఆ దారిలో ఎదురైన ప్రతి మనిషి మీదా, ప్రతి స్తంభం మీదా ఆవిడకు కోపమే వచ్చింది.

అక్కాచెల్లెళ్ళది ఒకటే ఇల్లు, రెండు గదులు, మధ్యలో వంటిల్లు. బావ పోయినప్పటినుంచీ అంతే. అక్క పొయ్యి పక్కన కూర్చుని భుజానికి నూనె రుద్దుకుంటోంది. చంటి ఇంట్లో లేదు. పదహారు నిండీ నిండని పిల్ల, ఇంకా పసిపేరుతోనే పిలుస్తారు.

“చంటిని రోలర్ దగ్గర పెడుతున్నావా?”

“వాడు నీ చెవిన వేశాడన్నమాట.” అక్క చెయ్యి ఆగలేదు. “పెట్టక? పొడుగమ్మ పోయాక నాకు జతెవరు? బయటిదాన్ని తెచ్చుకుంటే నెల తిరక్కుండా పారిపోతుంది.”

“పొడుగమ్మ వేళ్ళు చూసి కూడా కన్నకూతుర్ని తీసుకెళ్తావా? దాని వయసెంత? దాని చేతులెంత? ఆ వేడికి తట్టుకోలేనంత చిన్నపిల్ల అక్కా అది!”

“మళ్ళీ లేనంత! దానికన్నా చిన్నప్పుడే మొదలుపెట్టాను నేను. నేను తట్టుకోలేదూ? అయినా పక్కన నేనుంటాగా.”

“పొడుగమ్మ పక్కన ఎవరున్నారు? నువ్వు కాదూ?”

అక్క చెయ్యి ఆగింది. ఆ మాట అనకుండా ఉండవలసిందని చిటపటకు అన్నాక తెలిసింది. అక్క మొహం మాడిపోయింది. నూనెగిన్నె పక్కకు నెట్టింది.

“నేను అరిచానే” అంది. “అరిస్తే ఆగుతుందా అది? ఎర్ర మీట అటు గోడకుంది. పరిగెత్తి వెళ్ళి కొట్టాను. అప్పటికే అయిపోయింది.” లేచి చెంబెడు నీళ్ళు తాగింది. “సరే. జరిగిందేదో జరిగింది. మడతల బల్లకు పోతే ఆ జీతంతో ఈ ఇల్లు నడవదు. నువ్వు పదిమందిలో వాళ్ళచేత లేనంత, లేనంత అనిపిస్తే నాతోపాటు ఇంకో పదిమంది పని పోతుంది. అందరి ఉసురూ నాకు కొట్టించకు. ఆ పాఠం మానెయ్. వాడు చెప్పిన ఎనఫ్ ఏదో చెప్పు. మాకు ఎనఫ్ చాలు.”

“అక్కా—”

“నేను అడుగుతున్నాను. ఇన్నేళ్ళలో నిన్నేమైనా అడిగానా?”

అడగలేదు. అదే వచ్చిన చిక్కు. ఒకమాట పడితే ఒంటికాలి మీద లేచే మనిషి, ఆ పూట నోరెత్తకుండా తన గదిలోకి పోయింది.

మర్నాడు బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది. చిటపట దాని మీద ‘ఎనఫ్’ రాసింది.

*

ఏ మాటకామాటే చెప్పాలి, ఆవిడ ఏది చెప్పినా బాగా చెబుతుంది. “మనం ‘చాలినంత చల్లగా’ అంటాం, చాలినంత ముందు. వాళ్ళకు తిరగేసి ఉంటుంది. ముందు చల్లదనం, దాని వెనక ఎనఫ్, ఆ వెనక పని. కూల్ ఎనఫ్ టు వర్క్. ఇక్కడ పని జరుగుతుంది. జరిగే పనికి ఎనఫ్” అని చెప్పింది. జరగని పనికి ఏమంటారో మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ముందు రోజు రాసిన వాక్యాలు ఎటు పోయాయని పొడుగమ్మ కళ్ళతో అడిగింది గానీ, చిటపట ఆ కళ్ళు చూడలేదు.

ద రూమ్ ఈజ్ కూల్ ఎనఫ్ టు వర్క్ ఇన్. ద మెషీన్ ఈజ్ స్లో ఎనఫ్ టు ఫాలో. ఐ యామ్ స్ట్రాంగ్ ఎనఫ్ టు లిఫ్ట్. ద మెషీన్ ఈజ్ సేఫ్ ఎనఫ్ టు వర్క్ ఆన్. ‘సేఫ్’లో చివరి ‘ఫ్’ దగ్గర పెదవి పంటికి తగలాలని ఒక్కొక్కరి ముందూ నిలబడి అనిపించింది. నెల తిరక్కుండా అందరికీ నోటికొచ్చేసింది. మేనేజరుకు వాళ్ళే ‘ఎనఫ్ బాబు’ అని పేరు పెట్టి చాటున నవ్వుకున్నారు. పాఠం ఎంత బాగా వస్తే చిటపటకు అంత ఒళ్ళు మండేది. రాకపోతే తిట్టచ్చు. వచ్చినందుకు ఎవర్ని తిడుతుంది?

అందరికన్నా బాగా వచ్చింది చంటికి. అది కూడా క్లాసుకొచ్చి ముందు బల్ల మీద కూర్చునేది. ఇంట్లో ఏది చూసినా ఎనఫే. “పిన్నీ, టీ ఈజ్ హాట్ ఎనఫ్ టు డ్రింక్!” “పిన్నీ, ఐ యామ్ ఓల్డ్ ఎనఫ్ టు వర్క్!” అని కప్పు చేతికిచ్చేది. దానికి అమ్మ పక్కన నిలబడి పని చెయ్యడమంటే పండగే. చిటపట ఆ టీ తాగలేక తాగేది.

*

ఇన్‌స్పెక్షన్ రోజు చిటపట రోలర్ల హాల్లో అడుగుపెట్టి గుర్తుపట్టలేకపోయింది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఎక్కడినుంచి తెచ్చారో వరసగా ఫ్యాన్లు. రోలర్లు సగం వేగంతో తిరుగుతున్నాయి. కడ్డీలకు ఒక్క పేలికా లేదు, తుడిచి మెరిపించి ఉన్నాయి. ఆవిడ నేర్పిన నాలుగు వాక్యాలూ ఆ పూటకు అక్షరాలా నిజం. అది చూసి మేనేజరు తెలివికి చెప్పుచ్చుకు కొట్టాలనిపించింది.

మూడో రోలర్ దగ్గర అక్క, అటు పక్క కొత్త ఏప్రన్ కట్టుకున్న చంటి. ఈ రోజు చూడ్డానికి బాగుంటుందని ముందే నిలబెట్టారు.

ఇన్‌స్పెక్టరమ్మ చెడ్డ మనిషేం కాదు. నెమ్మదిగా నడిచింది, ప్రతివాళ్ళకూ నమస్కారం పెట్టింది, తీరిగ్గా అడిగింది. గది ఎలా ఉందంటే కూల్ ఎనఫ్. యంత్రం ఎలా ఉందంటే స్లో ఎనఫ్. ఒక్కరూ తడబడలేదు. ఆవిడ చిటపట వైపు తిరిగి, “ఎంత చక్కగా నేర్పారు!” అని ఇంగ్లీషులో మెచ్చుకుంది.

ఆ మెప్పు చిటపటకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఇన్నాళ్ళూ దిగమింగినదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

“ఇవన్నీ ఇవాళ ఒక్కరోజుకే” అంది ఇంగ్లీషులోనే. “రోజూ ఆ కడ్డీని కట్టేసి పని చేయిస్తారు. ఆ మూల మడతల బల్ల దగ్గరున్న మనిషి చెయ్యి చూడండి.”

మేనేజరు మొహంలో రంగు మారలేదు. షరతు ప్రకారం తను మాట్లాడకూడదని వినయంగా గుర్తుచేసి, “వాళ్ళనే అడగండి మేడమ్” అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ రోలర్ల వైపు తిరిగి, మిగతా రోజుల్లో కడ్డీ కడతారా అని అడిగింది. వాళ్ళకు ప్రశ్న సగమే అర్థమైంది. అర్థమైన సగానికే భయం పుట్టింది. మేనేజరు ఎదురుగా ఉన్నాడు. తెలిసిన జవాబు ఒకటే. “ద మెషీన్ ఈజ్ సేఫ్ ఎనఫ్ టు వర్క్ ఆన్” అని హాలంతా ఒక్క గొంతుతో పలికింది. ప్రతి పెదవీ పంటికి తగిలింది. తన పాఠం తననే అబద్ధాలకోరును చేసింది.

అప్పుడు చంటి సాయపడదామనుకుంది. పిన్ని ఏదో గొడవలో పడిందని దానికి అర్థమైంది, ఏమి గొడవో మాత్రం కాలేదు. “లుక్ మేడమ్!” అని నవ్వుతూ, తిరుగుతున్న రోలర్ మీదికి చెయ్యి చాచింది. వేళ్ళు కడ్డీకి తగిలాయి. రోలర్ ఠక్కున ఆగింది. “సీ? సేఫ్ ఎనఫ్!”

ఇన్‌స్పెక్టరమ్మ కూడా నవ్వింది. అక్క నవ్వలేదు. దుప్పటి మూల చేతిలోంచి జారి నేలన పడింది.

“చెయ్యెందుకు పెట్టావే అక్కడ?”

“ఆగుతుందమ్మా, చూశావుగా. నేను ఇందాకట్నుంచి చూస్తూనే ఉన్నా, ఎన్నిసార్లు తగిలినా ఆగుతోంది.”

“రేపు ఆగదే! రేప్పొద్దున దాన్ని కట్టేస్తాం కదే!” అక్క గొంతు హాలు దాటి బయటికి వినిపించింది. “రేపు కూడా ఇలాగే పెడతావా చెయ్యి?”

చంటి మొహంలో నవ్వు ఆరిపోయింది. అక్క ఏప్రన్‌తో చేతులు తుడుచుకుని ఇన్‌స్పెక్టరమ్మ ఎదుటికి వచ్చి నిలబడింది. “ద మెషీన్...” అంది. “ద మెషీన్ ఈజ్...” ఆపైన నాలుక తనంతట తానే ‘సేఫ్ ఎనఫ్’ వైపు పోయింది. ఆపుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడికే పోయింది. ఇంకో మాట ఉంటే కదా దొరకడానికి! అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో తిరిగిన నీళ్ళవి.

“ఏమే!” అని చెల్లెలి మీద విరుచుకుపడింది. “నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడికి పనికొచ్చేదే. నాకు పనికొచ్చేది ఒక్క ముక్క లేదు. నేను మన మాటలో చెప్తాను. నువ్వు ఆవిడకు చెప్పు. ఒక్కటి వదిలావో చూడు.”

“చెప్పక్కా.”

“రోజూ ఇది పట్టుకోలేనంత వేడిగా ఉంటుంది.”

“టూ హాట్ టు హోల్డ్” అంది చిటపట.

“ఆపలేనంత వేగంగా తిరుగుతుంది.”

“టూ ఫాస్ట్ టు స్టాప్.”

“కడ్డీని కదపలేనంత గట్టిగా కడతాం. కట్టేది మేమే. కట్టకపోతే ఈయన తిట్లకు తట్టుకోలేం. పొడుగమ్మ చెయ్యి నా కళ్ళముందే పోయింది.”

చిటపట అన్నీ చెప్పింది. ఒక్కటీ వదల్లేదు. మడతల బల్ల దగ్గరనుంచి పొడుగమ్మ నడుచుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా కుడిచెయ్యి ఇన్‌స్పెక్టరమ్మ ముందు చాచింది. తరవాత ఎడమచేత్తో యంత్రం కింది డబ్బా లాగింది. అందులో కుక్కిన పేలికలన్నీ కడ్డీ ముడుల ముడతలతో సహా బయటపడ్డాయి.

“చాలు! చాలు!” అని మేనేజరు మొదటిసారి అరిచాడు.

ఆయన ఏమంటున్నారని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

“ఎనఫ్ అంటున్నారు” అంది చిటపట. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

అక్క నవ్వులేవీ వినడం లేదు. చంటిని రెక్కపట్టి రోలర్ దగ్గరనుంచి ఇవతలికి లాగింది. “ఇది ఇక్కడ నిలబెట్టలేనంత చిన్నపిల్ల. నిలబెట్టింది నేనే. ఎందుకంటే...” అని ఆగింది. ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుంది. “ఎందుకంటే నా భుజం పోయింది. ఏడాది నుంచీ తడిదుప్పటి ఎత్తలేకపోతున్నాను. పొడుగమ్మే నా వంతు కూడా లాగేది. పిల్లయితే లాగుతుంది, ఎవరికీ చెప్పదు అనుకున్నాను. నా వల్ల కాదు. చెప్పు ఆవిడకు. నా వల్ల కాదు.”

ఇన్నేళ్ళలో ఆ మాట అక్క నోట చిటపట వినలేదు. హాల్లో ఎవరూ వినలేదు. “షి ఈజ్ టూ యంగ్ టు స్టాండ్ హియర్” అని చెప్పగలిగింది గానీ, రెండోది మొదలుపెట్టబోయి చిటపట అక్క వైపే తిరిగిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మే అక్క భుజం వైపు చూసి, అర్థమైందని తలూపింది. ఆ తరవాత తనే గోడ దగ్గరికి నడిచి ఎర్ర మీట నొక్కింది. రోలర్లన్నీ ఒక్కొక్కటే నిలిచిపోయాయి. కడ్డీలను ఎవరూ కట్టేయలేని ఏర్పాటు చేసేదాకా ఈ హాలు తెరవడానికి వీల్లేదని, తెరిస్తే హోటళ్ళ బట్టలు రావని మేనేజరుకు అక్కడే, అందరి ముందూ చెప్పింది.

*

గేటు బయట ముగ్గురూ నిలబడ్డారు. చంటి ఏప్రన్ ఇంకా విప్పలేదు, తల్లి మొహం చూసి బెదిరిపోయింది. లోపలినుంచి మేనేజరు ఫోనులో ఎవర్నో బతిమాలుతున్న గొంతు వినిపిస్తోంది. రేపు పని ఉంటుందో లేదో, ఉంటే ఎవరెవరికి ఉంటుందో ఎవరికీ తెలియదు.

చిటపట అక్క చెయ్యి పట్టుకోబోయింది. అక్క విదిలించుకుంది.

“ముట్టుకోకు నన్ను. ఎంత సిగ్గేసిందో తెలుసా నీకు? నా కూతురు చెయ్యి అక్కడుంటే, ఎదురుగా అడిగే మనిషి ఉంటే, నాకు మాట రాలేదు. పశువులా నిలబడ్డాను. ఆ పాఠం నాకు వచ్చి ఉంటే నేనే చెప్పుకునేదాన్ని. నీ నోరు అరువు తెచ్చుకునేదాన్ని కాదు.”

చిటపటకు చిర్రెత్తుకొచ్చింది. “నువ్వే కదా వద్దన్నావు! పొయ్యి పక్కన కూర్చుని మానెయ్ మానెయ్ అని అడిగింది నువ్వు కాదూ?”

“అడిగాను. భయపడి అడిగాను.” అక్క చెల్లెలి మొహంలోకి సూటిగా చూసింది. “భయపడినదాని మాట విని పాఠం మానేస్తావా? టీచరువి నువ్వా, నేనా?”

చిటపట చంటి వెనక్కి వెళ్ళి ఏప్రన్ ముడి విప్పింది.